రెండు వందల పన్నెండో పేజీ

శనివారం, వాన. అబరిస్ట్‌విత్‌లో
సముద్రం రోడ్డెక్కి గోడల్ని కొడుతున్న పూట
నా కొట్టు తలుపు తోసుకుని ఇద్దరే వచ్చారు.
మోర్విథ్: స్కూలు ల్యాబులో గాజు గొట్టాలు కడిగే చేతులు.
గెథిన్: ముప్పై ఏళ్ళు పడవల ఇంజన్ల కింద దూరి
గోళ్ళలో ఇంకా కాస్త నలుపు మిగుల్చుకున్నవాడు.
ఇద్దరూ తువ్వాలు అడిగి తుడుచుకున్నారు
వేలు వేలుకీ విడివిడిగా,
పసిబిడ్డను ఎత్తుకోబోయేవాళ్ళలా.

పెట్టె విప్పాను.
'ఉప్పుకొండ రాజ్యం', మూడు సంపుటాలు,
యాభై ఏళ్ళకు మళ్ళీ అచ్చు.
మేకతోలు బైండు, మూడు వైపులా బంగారు అంచు,
ఏడు వందల యాభైలో నూట పందొమ్మిదో ప్రతి.

మోర్విథ్ ముందు వాసన చూసింది.
వెన్ను మీద గోటితో తట్టి
"కుట్టారా, అతికించారా?" అంది.
కుట్టారన్నాను.
అయినా దీపం కిందికి వంచి దారాలు లెక్కపెట్టింది,
నా మాట మీద నమ్మకం లేక కాదు
లెక్కపెట్టడంలో ఉన్న సుఖం కోసం.
"డ్రాగన్‌కి కుక్క మొహం పెట్టాడు" అంది.
"కాగితం మాత్రం వెన్న."
మూడు వందల ఎనభై పౌండ్లు.
"ఈ డబ్బుతో మా వంటింటి కప్పు కారడం ఆగుతుంది"
అన్నదే గానీ
పుస్తకాన్ని కింద పెట్టలేదు.

గెథిన్ ఏమీ అనలేదు.
పార్సిళ్ళు తూచే నా కాటా మీద రెండో సంపుటం పెట్టాడు.
కిలో నూట నలభై గ్రాములు.
కోటు లోపలి జేబులోంచి తన పాత పేపర్‌బ్యాక్ తీశాడు,
నడుముకి రబ్బరు బ్యాండు,
అట్ట మీది రాణికి
ఎప్పటిదో టీ కప్పు తొడిగిన వడ్డాణం.
నూట అరవై.
"ఒక ఆకు తక్కువ" అన్నాడు,
"అదీ ఉంటే అరవై ఒకటేమో."

అప్పుడు చెప్పాడు, కాటా అంకెలతో మాట్లాడుతున్నట్టు.
సంతలో పది పెన్నీలకు కొన్నారట.
ఒకటే గది, రెండంతస్తుల మంచం,
పైన అన్న ఎమ్లిన్, చేతిలో టార్చి.
రెండు వందల పన్నెండు దగ్గర
గొంతు ఆగలేదట, తడబడనైనా లేదట.
నది ఒడ్డున ముసలి గుర్రం మాట్లాడిందట,
వంతెన కావాలంటే ఒకరి నీడ ఇచ్చెయ్యాలందట,
అందరికంటే చిన్నవాడు ఇచ్చాడట.
మర్నాడు వెతికితే ఆ ఆకు లేదు.
"చదివాక నేనే చింపేశాను,
ఇంకెవరికీ దొరక్కూడదని" అన్నాడట ఎమ్లిన్.
చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు
కొన్నప్పుడే అది లేదని.
ఎమ్లిన్ ఇప్పుడు లేడు.
అది చెప్పేటప్పుడూ కాటా వైపే చూశాడు.

కొత్త ప్రతిలో ఆ చోటు వెతికి పట్టుకున్నాడు.
మోర్విథ్ పట్టు రిబ్బను వదిలేసింది.
నేను చప్పుడు చేస్తున్న కెటిల్ ఆపేశాను.
చదివాడు, పెదాలు కదుపుతూ,
తరవాతి పేజీ కూడా, మళ్ళీ వెనక్కి వచ్చీ.

"ఏముంది?"

"ఏం లేదు. పడవ ఉంటుంది.
పడవవాడికి డబ్బులిచ్చి దాటతారు."
కాసేపాగి,
"పైగా ఎదురుగాలికి తెరచాప నిండిందని రాశాడు.
నాకా చెప్పేది?"

నవ్వాడు. పెద్దగానే నవ్వాడు.
బంగారు అంచు దేనికీ తగలకుండా
పుస్తకాన్ని పెట్టెలోకి దించాడు.
వద్దనుకున్న వస్తువుని
అంత మర్యాదగా దించినవాణ్ణి నేను చూడలేదు.

మోర్విథ్ కొనేసింది.
కప్పు కింద బకెట్టు ఉందిగా, అంది.
కార్డు గీసేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది.

గెథిన్ పేపర్‌బ్యాక్ ఎత్తి చూపించి
"దీనికి సరిపోయే ప్లాస్టిక్ కవరు ఉందా?" అన్నాడు.
ఉంది. నలభై పెన్నీలు.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
బ్యాండు తీసి, తొడిగి, మళ్ళీ బ్యాండు వేశాడు.

తలుపు తీస్తే వాన అడ్డంగా కొట్టింది.
ముందు పుస్తకం జేబులోకి వెళ్ళింది,
ఆ తరవాతే
టోపీ నెత్తి మీదికి.